నిర్మాతకు డబ్బు లేదు, ప్రేమికులకు మాట లేదు

ప్రేమ ఎందుకు జటిలమవుతుంది? కవులు విధి అన్నారు, మనస్తత్వవేత్తలు బాల్యం అన్నారు. పెద్ద నిర్మాణ సంస్థల అండ లేకుండా తీసే స్వతంత్ర చిత్రాలను శ్రద్ధగా చూసేవారికి అసలు కారణం తెలుసు: బడ్జెట్. భారీ చిత్రంలో ప్రేమికులు అలిగితే నిర్మాత వాళ్లను వెంటనే విదేశాలకు పంపిస్తాడు. అక్కడ ఒక పాట, వెనక వరుసలు వరుసలుగా నృత్యకారులు, చరణానికో జత బట్టలు. పాట ముగిసేసరికి అలక తీరిపోతుంది. స్వతంత్ర చిత్రంలో ఆ వసతి లేదు. ఉన్నది ఒకే ఇల్లు, అదీ దర్శకుడి స్నేహితుడిది. ఇద్దరు మనుషులను ఒకే గదిలో గంటన్నర కూర్చోబెడితే అనుబంధం బీటలు వారక ఏం చేస్తుంది?

ఈ సిద్ధాంతానికి చరిత్ర అండ ఉంది. అమెరికన్ స్వతంత్ర సినిమాకు పెద్దదిక్కు జాన్ కసావెటిస్ ఒక కాపురం విచ్ఛిన్నం కావడాన్ని 'ఫేసెస్' పేరుతో 16 ఎంఎం కెమెరాతో, చాలావరకు సొంత ఇంట్లోనే తీశారు. అది 1968లో విడుదలైంది. 1974లో వచ్చిన మరో దాంపత్య కథ కోసం ఏకంగా ఇల్లే తాకట్టు పెట్టారు. అందులో మనసు చెదిరిన ఇల్లాలిగా నటించింది ఆయన భార్య జీనా రోలండ్స్. ఆ నటనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఇల్లు తాకట్టులో ఉన్న ఇల్లాలిని వేదన నటించమంటే రాకేం చేస్తుంది!

'బ్లూ వాలెంటైన్' దర్శకుడు డెరెక్ సియన్‌ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ప్రేమలో పడే సన్నివేశాలు ముందు తీశారు. ఆ తర్వాత నటీనటులిద్దరినీ దాదాపు నెలరోజులు ఒకే ఇంట్లో, పాత్రల సంపాదనకు తగ్గట్టు సరుకులు కొనుక్కుంటూ గడపమన్నారు. అప్పుడు గానీ విడిపోయే సన్నివేశాల జోలికి పోలేదు. సరుకుల చీటీ చేసే పని ఏ ప్రతినాయకుడు చేయగలడు?

ఈ కోవ చిత్రాల్లో ఒక సన్నివేశం తప్పదు. ఆమె వంటగదిలో గాజు గ్లాసు కడుగుతూ ఉంటుంది. అతను గుమ్మంలో నిలబడి "ఏమైంది?" అంటాడు. "ఏమీ లేదు" అంటుంది. అతను నీళ్లు నములుతాడు. కుళాయి పారుతూనే ఉంటుంది. గ్లాసు ఎప్పుడో తళతళలాడింది, అయినా మళ్లీ కడుగుతుంది. కెమెరా కదలదు, కదలాలంటే పట్టాలు అద్దెకు తేవాలి. సంగీతం ఉండదు, దానికి హక్కులు కొనాలి. వినిపించేదల్లా ఫ్రిజ్ రొద. దాన్ని విమర్శకులు నిశ్శబ్దంలోని హింస అని మెచ్చుకుంటారు. ఫ్రిజ్ ఆపడం ఎవరో మరచిపోయారని శబ్దగ్రాహకుడికి ఒక్కడికే తెలుసు.

నిజం చెప్పాలంటే, గ్లాసు మీద ఆ నటి వేళ్లు ఒక్కసారి ఆగినప్పుడు హాలంతా ఊపిరి బిగపడుతుంది. నేనూ బిగపడతాను. అదే నా ఫిర్యాదు. "నిన్న నువ్వన్న మాట నన్ను బాధపెట్టింది" అంటే తీరిపోయే పేచీ కోసం ఊపిరి బిగబట్టాలా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారని సామెత. ఇక్కడ గొడ్డలి కొనడానికి డబ్బుండదు కాబట్టి గోటినే గంటన్నర చూపిస్తారు.

మాట్లాడుకునే జంటలు లేవా అంటారేమో. ఉన్నాయి. 1995లో వచ్చిన 'బిఫోర్ సన్‌రైజ్'లో రాత్రంతా వియన్నా వీధుల్లో తిరుగుతూ లోకంలోని సమస్త విషయాలూ చర్చించిన ఇద్దరు, విడిపోయేటప్పుడు ఫోన్ నంబర్లు మాత్రం ఇచ్చిపుచ్చుకోలేదు! ఆ ఒక్క పొరపాటుకు ప్రేక్షకులు రెండో భాగం కోసం 2004 దాకా ఎదురుచూశారు. 2013 నాటి మూడో భాగంలో వాళ్లు కలిసే ఉన్నారు, కడుపునిండా మాట్లాడుకున్నారు, అంతకంటే కడుపునిండా పోట్లాడుకున్నారు. మాట్లాడకపోయినా చిక్కే, మాట్లాడినా చిక్కే. ఎటుచూసినా చిత్రీకరణ ఖర్చు తక్కువే.

ఇక ముగింపు. అసలు ఉంటే కదా! చిత్రోత్సవంలో ప్రదర్శన అయ్యాక దర్శకుడు వేదికెక్కుతాడు. చివరి వరుసలోంచి ఒక పెద్దాయన లేచి "ఇంతకీ వాళ్లిద్దరూ కలిశారా, లేదా?" అని అడుగుతాడు. దర్శకుడు చిరునవ్వు నవ్వి "మీరేమనుకుంటున్నారు?" అంటాడు. టికెట్ కొన్నదీ ఆయనే, కథ ముగించాల్సిందీ ఆయనేనా? అందుకే ఒక ప్రతిపాదన. ముగింపును ప్రేక్షకులకు వదిలేసిన ప్రతి చిత్రంలోనూ రచనా సహకారం కింద వాళ్ల పేర్లు వేయాలి, పారితోషికంగా టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలి. నిర్మాత దగ్గర అంత సొమ్ము ఉండదని నాకు తెలుసు. పెద్దాయన బాకీ అడగడానికి వెళితే, నిర్మాత గుమ్మంలో నిలబడి నీళ్లు నములుతాడు. దర్శకుడు కెమెరా సిద్ధంగా పెట్టుకుంటే రెండో భాగం కూడా అయిపోతుంది.