క్యారీ బక్ కూతురి సంగతీ రాయాల్సింది

మీ వ్యాసంలో యూజెనిక్స్ ('మేలైన' వాళ్లే పిల్లల్ని కనాలి, 'లోపమున్న' వాళ్లు కనకూడదనే వాదం) హిట్లర్‌తో మొదలై హిట్లర్‌తోనే పోయినట్టు రాశారు. కాదండీ. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1907లోనే పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చేసే చట్టం తెచ్చింది. 1920లో అక్కడి కాన్సాస్ రాష్ట్రపు సంతలో, పశువులకు బహుమతులిచ్చే చోటే, 'మేలైన కుటుంబాల' పోటీ పెట్టారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు సరేనన్నాక క్యారీ బక్ అనే అమ్మాయికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. ఆమెకూ, తల్లికీ, పసిగుడ్డు కూతురికీ బుద్ధిమాంద్యమట! ఆ కూతురు వివియన్ బళ్లో మంచి మార్కులతో, బాగా చదివే పిల్లల జాబితా అయిన ఆనర్ రోల్‌లో పేరు తెచ్చుకుంది. పాపం, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది.

ఆ ఆలోచన ఇంకా పోలేదు. మా హనుమకొండలో ఒకింట్లో చిన్నమ్మాయికి పుట్టు చెవుడు. అక్కకు వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోతున్నాయి. 'వాళ్ల రక్తంలోనే ఉందేమో' అనేది చదువుకున్నోళ్లే. తల్లి గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా అనే వైరస్ సోకినా చెవుడు రావొచ్చని చెబితే వినరు. ఒకవేళ జన్యువుల వల్లే అనుకున్నా, ఆ పిల్లలకు తక్కువేమిటి?