మాలిక్యూల్ మీదున్న శ్రద్ధ గ్యాస్కెట్ మీద ఎప్పుడు?

మందు పొడిని ద్రవం నుంచి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ మూత తీయగానే, తెల్లగా ఉండాల్సిన కేక్ (తడి ముద్ద) మీద ఆవగింజలో సగం కూడా లేని నల్లటి చుక్కలు కనిపించాయి. జీడిమెట్లలో నేను మెయింటెనెన్స్‌లో పనిచేసిన ఒక బల్క్ డ్రగ్ (మందులోని అసలు పదార్థం తయారుచేసే) యూనిట్‌లో జరిగిన సంగతి ఇది. మూడు రోజులు వెతికాం. రియాక్టర్‌లోకి లైటు దింపి చూశాం, ఫిల్టర్ బ్యాగులు మార్చాం, ముడిసరుకు మళ్లీ పరీక్ష చేయించాం. చివరికి దొంగ దొరికింది ట్రాన్స్‌ఫర్ లైన్‌లో ఒక జాయింట్ దగ్గర. జాయింట్ కారకుండా మధ్యలో పెట్టే టెఫ్లాన్ గ్యాస్కెట్ ఉండాల్సిన చోట నల్లటి ఈపీడీఎం రబ్బరు గ్యాస్కెట్ ఉంది. ఆ సైజు టెఫ్లాన్‌ది స్టోర్స్‌లో అయిపోయింది. నైట్ షిఫ్ట్‌లో బ్యాచ్ ఆగిపోతుందన్న టెన్షన్‌లో చేతికి దొరికింది బిగించేశారు. నీళ్లకి, ఆవిరికి ఆ రబ్బరు చక్కగా పనికొస్తుంది. టోలీన్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం) తగిలితే మాత్రం ఉబ్బి, మెత్తబడి, అంచులు రాలిపోతాయి. బ్యాచ్ మొత్తం రిజెక్ట్ అయింది. బిగించిన ఫిట్టర్‌కి మెమో ఇచ్చారు. ఏ లైన్‌కి ఏ గ్యాస్కెట్ వాడాలో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఆ ఫ్లోర్ మీద లేదన్న సంగతి మాత్రం ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు.

హైదరాబాద్ ఫార్మా గురించి వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ చుక్కలే గుర్తొస్తాయి. కొత్త మాలిక్యూల్, పేటెంట్ గడువు, అమెరికా సుంకాలు, షేరు ధర: చర్చ అంతా వీటి చుట్టూనే. మందు తయారవుతున్నంతసేపూ అది ప్రయాణించే దారి, అంటే పైపులు, పంపులు, వాల్వులు, సీళ్లు, ట్యాంకులు, వీటి గురించి ఎవరూ మాట్లాడరు. రాబోయే పదేళ్లలో మన కంపెనీల్లో ఏవి నిలబడతాయో తేల్చేది ఎక్కువగా ఆ దారేనని నా నమ్మకం.

కారణం, మనం తయారుచేసే సరుకే మారుతోంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు కట్టింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను మొదలుపెట్టిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో, కొత్త దారిలో అదే మందును చవగ్గా చేయగల కెమిస్టులకి ఈ నగరం పుట్టిల్లయింది. ఆ కాలపు బల్క్ డ్రగ్ తయారీలో చిన్నాచితకా తప్పులకి ఒక రక్షణ ఉండేది. చివర్లో క్రిస్టలైజ్ చేస్తాం, కడుగుతాం, ఆరబెడతాం. మధ్యలో చేరిన మలినాల్లో చాలావరకు ఆ దశల్లో పోయేవి.

ఇప్పుడు మొగ్గు ఇంజెక్షన్లు, పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కల్లాంటి మందులు), బయోలాజిక్స్ (జీవకణాల సాయంతో చేసే మందులు) వైపు. 2026 మార్చితో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు ముగియడంతో షుగర్‌కి, బరువు తగ్గడానికి వాడే ఈ మందు మీద హైదరాబాద్ కంపెనీలు కూడా కన్నేశాయి. పెప్టైడ్ తయారీ అంటే కిలో సరుకుకి టన్నుల కొద్దీ సాల్వెంట్ పంపు చేయాలి, ఎక్కువ ప్రెషర్ మీద నడిచే క్రొమటోగ్రఫీలో శుద్ధి చేయాలి, చివరికి శుభ్రమైన గదిలో పెన్నులోనో వయల్‌లోనో నింపాలి. ఇంజెక్షన్‌కి రెండో అవకాశం లేదు. పైపులోంచి వచ్చింది వచ్చినట్టే మనిషి రక్తంలోకో చర్మం కిందకో వెళ్తుంది.

నీళ్ల సంగతే తీసుకుందాం. ఇంజెక్షన్లకి వాడే నీటిలో ఎండోటాక్సిన్ మిల్లీలీటరుకు 0.25 యూనిట్లకు మించకూడదు. ఇది చచ్చిన బ్యాక్టీరియా వదిలే విషం. నీళ్లు మరిగించినంత మాత్రాన పోదు. అందుకే బ్యాక్టీరియా అసలు పెరగకుండా ఈ నీటిని చాలాచోట్ల 80 డిగ్రీల దగ్గర, రాత్రీపగలూ ఆగకుండా లూప్‌లో తిప్పుతూనే ఉంటారు. ఎక్కడైనా పక్కకి చీలే ఒక టీ జాయింట్ అవసరానికి మించి పొడుగు పెరిగిందంటే ఆ కొసలో నీరు కదలదు, చల్లబడుతుంది, గోడకి బ్యాక్టీరియాతో జిగురులాంటి పొర పడుతుంది. ఫ్లోర్ మీద దీన్నే డెడ్ లెగ్ అంటాం. డ్రాయింగ్‌లో అది అంగుళం గీత. బేరం కుదిరిందని తక్కువ రేటు కాంట్రాక్టర్‌తో వెల్డింగ్ చేయిస్తే పైపు లోపల ఏం జరిగిందో బయటికి కనిపించదు. కెమెరా పెట్టి లోపలి అతుకు చూసినప్పుడే నీలం, గోధుమ మచ్చలు బయటపడతాయి. ఆ చోట స్టీలు తన రక్షణ పొరను కోల్పోయిందని అర్థం.

పంపుల్లోనూ అంతే. బల్క్ డ్రగ్ ఫ్లోర్ మీద టకటకా కొట్టుకునే ఎయిర్ డయాఫ్రమ్ పంపు శబ్దం ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. కరెంటు మోటారు లేదు కాబట్టి సాల్వెంట్ల దగ్గర నిప్పురవ్వ భయం తక్కువ. ఖాళీగా తిరిగినా తట్టుకుంటుంది, అవుట్‌లెట్ వాల్వ్ మూసేస్తే దానంతట అదే ఆగుతుంది. కానీ దాని ప్రాణమంతా రెండు డయాఫ్రమ్‌లలోనే ఉంది. అవి చిరిగిన రోజు సాల్వెంట్ గాలి వైపుకి, గాలిలోని తేమా నూనే సరుకు వైపుకి వస్తాయి. చిరిగేదాకా ఆగి మార్చడం మనకి అలవాటు. ఇన్ని గంటలు నడిచాక చిరగకపోయినా మార్చెయ్యాలన్న పద్ధతి పెట్టుకున్నవాళ్లు తక్కువ. ప్రొటీన్ మందుల్లో ఇంకో చిక్కు. వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపులో పడితే ప్రొటీన్ నలిగి గడ్డలు కట్టొచ్చు. అందుకని ట్యూబును రోలర్లతో నొక్కుతూ ముందుకి తోసే పెరిస్టాల్టిక్ పంపులు వాడతారు. అందులో మందు తాకేది ట్యూబును మాత్రమే. కానీ నొక్కి నొక్కి ట్యూబు లోపలి పొర పొట్టు రాలుతుంది, కాబట్టి దానికీ గంటల లెక్క ఉండాలి. జీనోమ్ వ్యాలీలో టీకాలు నింపేచోట మరో జాగ్రత్త. అల్యూమినియం లవణం కలిపిన టీకా కాసేపు కదలకపోతే అడుక్కి దిగిపోతుంది. మొదటి వయల్లోనూ చివరి వయల్లోనూ ఒకే డోసు పడాలంటే నింపుతున్నంతసేపూ ట్యాంకులో కలుపుతూనే ఉండాలి.

నాణ్యత లోపాలను కెమిస్ట్రీ ఖాతాలో వేయడం తేలిక. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడ్డప్పుడు మొదట చైనా కంపెనీ రియాక్షన్ మీదే అందరి దృష్టీ పడింది. ఆ ఉదంతంలో హైదరాబాద్ కంపెనీల బ్యాచులు కూడా కొన్ని వెనక్కి వచ్చాయి. తర్వాత అమెరికా ఎఫ్‌డీఏ చెప్పిన కారణాల్లో తిరిగి వాడే సాల్వెంట్లు, వేర్వేరు ఉత్పత్తులకి ఉమ్మడిగా వాడే పరికరాలు కూడా ఉన్నాయి. అంటే ఒక మందు తాలూకు మలినం, వాడిన సాల్వెంట్‌ను శుద్ధి చేసి తిరిగి పట్టే రికవరీ ట్యాంకు మీదుగా, పైపు మీదుగా మరో మందులోకి నడిచి వెళ్లగలదు. సాల్వెంట్ రికవరీ మనకి లాభం తెచ్చే పని. పర్యావరణానికీ మంచిదే, మానెయ్యమని నేను అనను. కానీ ఏ సాల్వెంట్ ఏ ట్యాంకుకి వెళ్తుందో ఎవరికీ పూర్తిగా తెలియని పైపుల చిక్కుముడి మీద రికవరీ నడపకూడదు. పాత యూనిట్లలో ఇరవై ఏళ్లుగా అతుకు మీద అతుకు వేసిన లైన్లకి సరైన డ్రాయింగ్ కూడా ఉండదు.

ఇదంతా రోగి వైపు నుంచి చూసిన లెక్క. కార్మికుడి వైపు నుంచి చూస్తే మనసు ఇంకా బరువెక్కుతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై, ఆవిరి కమ్ముకుని పేలడంతో 17 మంది చనిపోయారు. టోలీన్ లాంటి ద్రవం పైపులో వేగంగా పారితే స్టాటిక్ కరెంట్ పుడుతుంది. అది భూమిలోకి పోవడానికి ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్‌కి రాగి పట్టీ వేస్తారు, జంపర్ అంటాం. లైన్ విప్పి మళ్లీ బిగించాక నాలుగు బోల్టులూ వేసి, జంపర్ వెయ్యకుండా వదిలేసిన జాయింట్లు నేను నా కళ్లతో చూశాను. ఏ రోజూ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం సవరించిన నిబంధనలు 2023 డిసెంబర్ చివర్లో వచ్చాయి. చిన్న, మధ్యతరహా యూనిట్లకు గడువు 2025 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. నిబంధనలు కావాల్సిందే. కలుషిత దగ్గుమందుతో 2025లో మధ్యప్రదేశ్‌లో అంతమంది పిల్లలు చనిపోయాక వాటిని సడలించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అయితే గడ్డపోతారంలోనో బొల్లారంలోనో నడిచే చిన్న యూనిట్ యజమాని ఆ డబ్బు ఎక్కడ పెడుతున్నాడో చూడాలి. టైల్స్ మారతాయి, గోడలకి ఎపాక్సీ పడుతుంది, ఫైళ్లు లావెక్కుతాయి. ఇన్‌స్పెక్టర్ కంటికి ఆనేవి అవే. నీళ్ల లూప్ విప్పి డెడ్ లెగ్‌లు కోసెయ్యడం, తిరిగే షాఫ్టుల దగ్గర లీకు ఆపే డబుల్ మెకానికల్ సీళ్లు వేయడం, సాల్వెంట్ లైన్లు వేరుచేయడం ఖర్చుతో కూడిన పని, పైగా ఉత్పత్తి ఆపుకోవాలి. ముడిసరుకు కోసం చైనా మీద ఆధారపడకుండా ఉండేందుకు కేంద్రం 6,940 కోట్ల రూపాయలతో ప్రోత్సాహక పథకం పెట్టింది. దాని కింద అరబిందో గ్రూప్ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది. మంచి పని. అందులో చిన్న భాగమంత డబ్బయినా పాత యూనిట్ల పైపులైన్లు మార్చుకోవడానికి తక్కువ వడ్డీ అప్పుగా ఇస్తే, ఈ నిబంధనలు కాగితం దాటి ఫ్లోర్ మీదకి వస్తాయి.

పరికరాల తయారీలో మన నగరం వెనకబడి లేదు. లోపల గాజు పూత ఉండే గ్లాస్-లైన్డ్ రియాక్టర్లు చేసే స్టాండర్డ్ గ్లాస్ లైనింగ్ ఇక్కడి కంపెనీయే, 2025 జనవరిలో షేర్ మార్కెట్‌కి వచ్చింది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో స్టీలు వెసెల్స్ చేసేవాళ్లకి కొదవ లేదు. లోటున్నది వాటిని రోజూ చూసుకునే మనుషుల దగ్గర. గ్లాస్-లైన్డ్ రియాక్టర్‌లోకి పైనుంచి ఒక స్పానర్ జారిపడితే గ్లాసు చిన్న పెచ్చు లేస్తుంది. ఎక్కువ వోల్టేజీ కరెంటుతో స్పార్క్ టెస్ట్ చేస్తేనే అది తెలుస్తుంది, తెలియకపోతే గాజు కింద ఉన్న స్టీలును యాసిడ్ తినేస్తుంది. జారిందని ధైర్యంగా చెప్పగలిగే పరిస్థితి ఆ ఫిట్టర్‌కి ఉందా? చాలామంది కాంట్రాక్టు మీద వస్తారు. చెబితే రేపు గేటు దగ్గరే ఆపేస్తారన్న భయం. కెమిస్ట్ పొరపాటు చేస్తే ట్రైనింగ్, ఫిట్టర్ పొరపాటు చేస్తే మెమో.

ఈ తేడా పోవాలంటే మొదలు బాలానగర్‌లోనే పెట్టొచ్చు. 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అక్కడే ఉంది. ఫార్మా చదువులు చెప్పే కేంద్ర సంస్థ నైపర్ హైదరాబాద్ 2007లో పుట్టింది ఐడీపీఎల్ ఆవరణలోనే. ఒకచోట లోహం తెలిసినవాళ్లు, మరోచోట మందు తెలిసినవాళ్లు. ఈ ఇద్దరూ కలిసి ఐటీఐ పాసైన కుర్రాళ్లకి ఆరు నెలల కోర్సు పెట్టాలి. ఆర్బిటల్ వెల్డింగ్ (పైపు చుట్టూ యంత్రం తిరిగి అతికేది), గ్యాస్కెట్ ఎంపిక, సీళ్లు, ఎర్తింగ్, లైన్ విప్పే ముందు ఏం చూడాలి, ఇవి తెలుగులో, చేత్తో చేయించి నేర్పాలి. కంపెనీలు ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లని పర్మనెంట్‌గా తీసుకోవాలి. బ్యాచ్ రికార్డులో కెమిస్ట్ సంతకం పక్కన, ఆ రోజు లైన్ బిగించిన ఫిట్టర్ సంతకానికి కూడా ఒక గడి ఉండాలి.