అక్క తోమిన రూపాయి

మా బాపుకు డెబ్బై, మా మేనత్తకు డెబ్బై నాలుగు. ఇద్దరు ఒక్కకాడ కూసుంటే మా ఇంట్ల టీవీ పెట్టే పనే లేదు. మొన్న ఆదివారం అత్త ట్రంకుపెట్టె సదురుతుంటే అడుగున చార్మినార్ బొమ్మ వెండి రూపాయి దొరికింది. పట్వారీగిరి చేసిన మా తాత దాచిపెట్టింది. ఆన్‌లైన్ల అమ్మి చెరిసగం పంచుకుందామనే కాడ ఇద్దరికీ పేచీ లేదు. ఎంతకు అనే కాడనే పేచీ అంతా. నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట విన్నది విన్నట్టు రాస్తున్న.

బాపు: అక్కా, గుండె గట్టిగ పట్టుకొని విను. పన్నెండు లక్షలు.

అత్త: నీ నోట్ల చక్కెర పొయ్య. ఎవడు చెప్పిండు?

బాపు: వీడియోల చూసిన. ఎర్రంగి తొడుక్కున్న పిలగాడు ఒట్టు పెట్టి మరీ చెప్పిండు.

అత్త: ఆ పిలగాడు కొంటడా?

బాపు: ఆయన కొనడు. చెప్తడంతే.

అత్త: చెప్పుడే అయితే నేను గూడ చెప్తరా. నీ బట్టతల కోటి రూపాయలు. పో, అమ్ముకో.

బాపు: ఎక్కిరించకు. దీని మీద సాలు ఉర్దూల ఉన్నది. చాయ్ హోటల్ల చదివిచ్చుకున్న. 1330! అంటే ఏడు వందల ఏండ్ల కిందిది. కాకతీయుల కాలందక్కా! ప్రతాపరుద్రుని బొడ్ల సంచిలకెళ్ళి పడ్డదేమో.

అత్త: ప్రతాపరుద్రుడు 1323లనే ఓడిపోయిండు. అయినా 1330ల చార్మినార్ బొమ్మ ఎట్ల కొట్టిన్రురా? చార్మినారే 1591ల కట్టిన్రు.

బాపు: (చానసేపు ఆలోచించి) నక్ష ముందుగాలనే గీసి పెట్టుకొని ఉంటరు.

అత్త: అది హిజ్రీ సాలురా, ముస్లింల క్యాలెండర్ లెక్క. మన లెక్కల 1912. నువ్వు గోటీలాడుకుంట తిరిగే యాళ్లకు నాయిన నాకు నేర్పిండు. ఇగో, ఈ దర్వాజల చిన్న అక్షరం ఉన్నది చూడు. అది ‘ఐన్’. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరుల మొదటక్షరం. వాళ్ళ నాయిన మహబూబ్ అలీ ఖాన్ కొట్టిచ్చినదైతే ఆ జాగల ‘మీమ్’ ఉంటది.

బాపు: మరి నిజాందంటే ఇంకా ఎక్కువ రావాలె! దునియల ఆయనంత ఉన్నోడు లేకుండె.

అత్త: ఆయన ఉన్నోడైతే రూపాయి గూడ ఉన్నదైతదా? ముందుగాల కిందిమెట్టు పట్టుకో. తూకం 11.18 గ్రాములు. అండ్ల వెండి నూటికి దగ్గర దగ్గర 82 పాళ్ళు. అంటే నికరంగ వెండి 9 గ్రాముల చిల్లర. లెక్కకు అల్కగ ఉండనీకి గ్రాము 100 అనుకో, 914 రూపాయలు. 200 అనుకో, 1,828. ఏ పొద్దు రేటు ఆ పొద్దు పేపర్ల చూసి గుణించుడే. అంతకంటే కిందికి అడిగినోనికి చార్‌కమాన్ కంసాలోళ్ళ కాడ కరిగిచ్చుకుంటం పో అని చెప్పొచ్చు.

బాపు: తొమ్మిది గ్రాములేనా! మిగిలింది రాగా? నిజాం రాజు కల్తీ చేసిండా?

అత్త: కల్తీ కాదు, అదే ఆయన రాజ్యంల నడిచే హాలీ సిక్కా. ఇంగ్రేజోని కల్దార్ రూపాయిల వెండి దీని కంటే ఎక్కువుండె. అందుకే ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేటివి. నాయిన కల్దార్లన్నీ ఖర్సు పెట్టి దీన్ని దాచిండు. నీ తెలివి ఏడికెళ్ళి వచ్చిందో ఇప్పుడు సమజైంది.

(చచ్చిపోయిన తాతను ఈ లొల్లిలకు గుంజుడు నాకు నచ్చలేదు. కానీ నిజమే.)

బాపు: సరే, వెండి పక్కకు పెట్టు. పాతదానికి ఇలువ లేదా? ఇగో చూడు, ఇసొంటిదే ఒకాయన 3 లక్షలకు పెట్టిండు.

అత్త: ఎప్పుడు పెట్టిండు?

బాపు: రెండేండ్లు అయింది.

అత్త: రెండేండ్ల సంది ఆడనే ఎందుకున్నది?

బాపు: ...మంచి ముహూర్తం చూస్తుండొచ్చు.

అత్త: అది వాడు అడిగే ధర. సంతల బర్రెకు ఎవని నోటికొచ్చింది వాడు చెప్తడు. పలుపు చేతులు మారే యాళ్లకు ఎంతిచ్చిండో అదే ధర. నాణేల వేలంపాట పెట్టే కంపెనీలు పాట అయినంక ఏది ఎంతకు పోయిందో బయట పెడ్తయి. గవి చూడు. అదీ ఒకటి చూసి ఆగకు, నాలుగైదు చూడు. ఒక్కటే మస్తుకు పోయిందంటే ఆ పొద్దు ఇద్దరు మొండోళ్ళు కొట్లాడుకున్నరని.

బాపు: మనకు గూడ ఇద్దరు మొండోళ్ళు దొరకరా?

అత్త: ఈడనే ఉన్నరు గానీ, ఇద్దరూ అమ్మేటోళ్ళే.

బాపు: అయితే డాలస్‌ల ఉన్న పిలగానికి పంపుదాం. ఆడ పెడ్తే డాలర్లు వస్తయి.

అత్త: నూరేండ్లు దాటిన నాణేన్ని దేశం దాటిచ్చుడు నేరంరా. 1972 చట్టం. నువ్వు జైల్ల కూసుంటే సద్ది నేను మోసుకరావాలె, నాకా మోకాళ్ళ నొప్పులు.

బాపు: (గొంతు తగ్గించి) ఇంకో తొవ్వ ఉన్నది. ఒకాయన ఫోన్ చేసిండు. రిజర్వ్ బ్యాంకు పర్మిషన్ ఉన్నదట. పైసలు సక్కగ ఖాతాల పడ్తయట. ముందుగాల 2,150 రిజిస్ట్రేషన్ కట్టాలెనట.

అత్త: కట్టినవా?

బాపు: చిక్కుడుకాయలు లేతగున్నయి కదా ఈసారి.

అత్త: కట్టినవా, లేదా?

బాపు: 2,150యే కదక్కా.

అత్త: అయ్యో నా రాత! పాత నోట్లు, నాణేల జోలికి మేం రాం, ఫీజులు కమీషన్లు అడగం, మా పేరు చెప్పుకునేటోళ్ళను నమ్మకుండ్రి అని 2021లనే రిజర్వ్ బ్యాంకు మొత్తుకున్నది. అమ్మకముందే 2,150 బొక్క. నీ సగంలకెళ్ళి కోస్త.

బాపు: కోసుకో. మా దోస్తు దగ్గర రామపట్టాభిషేకం రాగి బిళ్ళ ఉన్నది. ఈస్టిండియా కంపెనీది, 1818. అది ఇప్పిస్త, దాంతోని పూడ్చుకుందాం.

అత్త: కంపెనోడు రాముని బొమ్మతోని నాణెం ఎన్నడు కొట్టిండురా? గవి ఎవలో పోతపోసి అమ్మిన బిళ్ళలు. అసొంటివే పట్టుకొని, మహిమ ఉన్నది, అయస్కాంతం లెక్క బియ్యం గుంజుతయని చెప్పి ఎంతమందిని ముంచిన్రో! పేపర్ల చూస్తలేవా?

(బాపు పేపర్ల రాశిఫలాలు చూస్తడు.)

అత్త: ఇగ అసలు ముచ్చటకు రా. వెండి ధర మీద ఎంత వేసుకోవాలెనో దాని మొఖం చెప్తది.

బాపు: మొఖం అద్దం లెక్క మెరుస్తున్నది!

అత్త: (కొంగు సదురుకొని) ఊకెనే మెరుస్తదా? నలభై ఏండ్ల సంది ప్రతి దీపావళికి పండ్లపొడితోని తోమిన.

బాపు ఫోన్ల ఏదో చదివిండు. ఆయన మొఖం ఒక్కసారి వెలిగింది. పొద్దటి సంది మొదటి పాయింటు దొరికింది మరి.

బాపు: అక్కా, తోమిన నాణెం కొనేటోళ్ళకు పనికిరాదట! ఎన్కటి నలుపు అట్లనే ఉండాలెనట. ఇగో, గీతలు! మినార్ల మీది నకాసీ అంత నున్నగ చేసినవ్. నిజాం కట్టిచ్చిన మింట్ల అచ్చు గుద్దితే, మింట్ కంటే ఎక్కువ కష్టపడి నువ్వు చెరిపినవ్.

అత్త: లక్ష్మీదేవికి మసి పట్టిన పైస పెట్టాల్నా?

బాపు: లక్ష్మీదేవి పట్టిచ్చుకోదు, కొనేటోడు పట్టిచ్చుకుంటడు.

అత్త: (భూతద్దం పెట్టి) ఆగు ఆగు. చార్మినార్ నెత్తి మీద, అంచుకు, ఈ బొడిపె ఏంది?

బాపు: పాతగయితే అట్లనే అయితది.

అత్త: టంకం ఇది. కొండి అతికిచ్చి పీకేసిన జాగ. ఇది గూడ ధర తీసేసేదే.

బాపు: అగో, నీ దండకు పెట్టిచ్చుకున్నవ్ గదా!

అత్త: నా దండకా? నీ మొలతాడుకురా! నీకు తొమ్మిది నెలలప్పుడు అవ్వ కంసాలి దగ్గర కొండి పెట్టిచ్చింది. ఒంటి మీద ఈ రూపాయి తప్ప నూలుపోగు లేకుండ వాడంత తిరిగేటోనివి.

బాపు: పిల్లల ముందర...

అత్త: ఈ సొట్ట చూడు. గడపల కూసోని రాయితోని కొట్టేటోనివి. చూసినోళ్ళంత గిన్నెలు చేస్తడు గావచ్చు అనేది.

బాపు: సరే. వెండి ధర మీద వెయ్యి అనుకుందాం. నీ తోముడుకు 400 తీసేసెయ్.

అత్త: నీ టంకానికి 400 తీసేసెయ్.

బాపు: అట్లయితే తోముడుకు 500.

అత్త: టంకానికి గూడ 500. ఇగ సొట్ట మిగిలింది. దానికి కొనేటోనికి మనమే ఎదురియ్యాలె.

అమ్మేటోళ్ళు ఇద్దరు పోటీ పడి ధర తగ్గించుకునే బేరం నేను ఇంకేడా చూడలేదు. వెండి ధర మీద రెండు వందలు, పోస్టు ఖర్సు కొనేటోనిదే అని నేనే తీర్పు చెప్పిన. రూపాయిని రెండు దిక్కులా, అంచును దగ్గరికెళ్ళి ఫోటో తీసిన.

అత్త: రాయి. తూకం రాయి, హిజ్రీ సాలు రాయి, తోమింది, టంకం మచ్చ ఉన్నది, సొట్ట ఉన్నది.

బాపు: ఇన్ని వంకలు చెప్తే ఎవడు కొంటడు?

అత్త: చెప్పకపోతే కొని వాపస్ పంపుతడు. రెండు దిక్కుల పోస్టు మనకే పడ్తది. మొలతాడు ముచ్చట రాయాల్నా వద్దా?

బాపు: వద్దు!

పెట్టిన పది నిమిషాలకే ఫోన్ మోగింది. బాపు కండ్లద్దాలు పెట్టుకునే తందుకు ఇద్దరం సాయం చేసినం, చెయ్యి అంత వణుకుతున్నది.

బాపు: వచ్చింది, వచ్చింది! ధర అడుగుతలేడక్కా, జెల్ది చదువు.

అత్త: (చదివి) ‘అన్నా, ఇది బియ్యం గుంజుతదా?’

బాపు: ఏం రాయాలె?

అత్త: ఇది గుంజదు గానీ, దీన్ని కట్టుకున్నోడు పూటకు సోలెడు గుంజుతడని రాయి.