అరిటాకులో పప్పుచారు

హనుమకొండలో మా డాబా మీద మూడు పాత డ్రమ్ములున్నాయి. ఒకదాంట్లో అరటి, ఒకదాంట్లో నిమ్మ, ఒకదాంట్లో బొప్పాయి. వాటి మధ్య నేను, రైతునన్న భ్రమతో.

"ఆదివారం మా చెట్టు ఆకులనే నీకు భోజనం బావా" అని కాజీపేటలో ఉండే బావకు ఫోన్ చేసి మరీ చెప్పాను. మే నెల కదా, ఆ సాయంత్రమే గాలిదుమారం లేచింది. తెల్లారి చూస్తే అరిటాకులన్నీ దువ్వెనలు!

"కోతులే" అన్నాను. మా వాడకట్టులో ఏది పోయినా మొదటి ముద్దాయి కోతే.

"కోతైతే గిట్ల గీత గీసినట్టు చింపుతదా? గాలి కొడుకా" అంది అమ్మ.

నిజమే. అరిటాకులో సన్న ఈనెలన్నీ నడిమి ఈనె నుంచి అంచుదాకా పక్కపక్కనే సాగుతాయి. వాటిని అడ్డంగా పట్టి ఉంచే గట్టి ఈనె ఉండదు. గాలికి అంతకంటే ఏం కావాలి?

నిమ్మది ఇంకా అవమానం. నెల నుంచీ ఆకులకు తూట్లు. పురుగని తీర్మానించి, వారం రోజులు వేపనూనె కొట్టి, రెండు రాత్రులు టార్చిలైటుతో కాపలా కూడా కాశాను. దొంగ దొరకలేదు. మొన్న దుమారంలో ఆరేసిన బట్టల కోసం పరుగెత్తినప్పుడు చూశాను: నిమ్మ కొమ్మ ఊగుతూ తన ముల్లుతో తన ఆకునే పొడుచుకుంటోంది! ఇంటిపోరుకు వేపనూనె ఏం పనిచేస్తుంది?

బొప్పాయి ఆకుల అంచులు మాడిన అప్పడాలు. వేర్లు అందించే నీళ్ల కంటే వడగాలి పీల్చేది ఎక్కువట. నీళ్లు పోసే వంతు ఎవరిదో మా ఆవిడ గుర్తు చేసింది. అది వదిలేద్దాం.

ఆదివారం బావ వచ్చాడు. మాటిచ్చాను కదా, ఉన్నవాటిలో రెండే చీలికలున్న ఆకు కోసి, కడిగి, చాప ముందు పరిచాను. అన్నం నిలబడింది. వంకాయ కూర నిలబడింది. పప్పుచారు మాత్రం చీలిక దారి పట్టి, మఠం వేసుకున్న బావ కొత్త ప్యాంటు దాకా వెళ్లింది.

"ఆకు చినగడం మంచిదే బావా. చినగకుంటే గాలి తెరచాపను పట్టినట్టు పట్టి చెట్టునే పడగొడ్తది."

"చెట్టుకు మంచిదే బామ్మర్దీ. నా ప్యాంటుకు?"

అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్లి, పుల్లలు గుచ్చి కుట్టిన మోదుగాకు విస్తరి తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. బావ నా దిక్కే చూసుకుంటూ, "ఇప్పుడు పొయ్యుండ్రి అత్తమ్మా పప్పుచారు" అన్నాడు.