రీకాల్ ఉత్తరం గారికి, టోకెన్ నంబరు నాలుగు రాయునది

మహారాజశ్రీ భద్రతా రీకాల్ ఉత్తరం గారికి,

బండిలో లోపముంది, సరిచేస్తాం రమ్మన్నారు కదా అని నిన్న ఉదయం ఎనిమిదిన్నరకే విశాఖ ఆటోనగర్ వర్క్‌షాపులో మా అంబులెన్సు పెట్టాను. మధ్యాహ్నం రెండున్నరకు పిలిచి, పార్టు ఇంకా రాలేదన్నారు. భోజనానికి పిలిచి, విస్తళ్లు రాలేదని చెప్పినట్టుంది. మీ కుర్చీలు మెత్తగా ఉన్నాయి, టీ మాత్రం చల్లారింది. కానివ్వండి.

మీ భాష నాకు నచ్చింది. ‘అరుదైన సందర్భాల్లో స్టీరింగు బిగుసుకోవచ్చు’ అన్నారు. మా అంబులెన్సుకు సంబంధించినంతవరకు ఆ అరుదైన సందర్భం పేరు ఎడమ మలుపు. సగం దాకా తిరిగి మొండికేస్తుంది. రెండు చేతులతో లాగితే ఒక్కసారిగా వదిలేస్తుంది. అందుకే ఈమధ్య దగ్గర దారి మానేసి, ఎడమ మలుపులు తక్కువున్న దారి వెతుక్కుంటున్నాను.

చట్టం నాకూ కొంచెం తెలుసు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ వచ్చింది. లోపమున్న బండ్లను వెనక్కి రప్పించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు, ఖర్చు కంపెనీదే. అదే సవరణలో 194ఇ కూడా ఉంది. అంబులెన్సుకు దారివ్వని వాడికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు. మరి మద్దిలపాలెం కూడలిలో జనమంతా పక్కకు తప్పుకుని దారిచ్చాక, నా బండే తిరగకపోతే ఆ పదివేలు ఎవరు కట్టాలి?

అదీ వదిలేస్తాను. మీ చివరి వాక్యం ఒక్కటే గొంతులో ముల్లులా దిగింది: ‘మరమ్మతు అయ్యే వరకు వాహనాన్ని నెమ్మదిగా, జాగ్రత్తగా నడపగలరు.’

నెమ్మదిగా! వెనక స్ట్రెచర్ మీద మనిషి ఉంటాడు. ఆయన భార్య అద్దం మీద కొడుతూ ‘బాబూ, కాస్త తొందరగా’ అంటుంది. ‘ఉత్తరంలో నెమ్మదిగా వెళ్లమన్నారమ్మా’ అని ఆమెకు చెప్పమంటారా? మీ సంతకం చూపిస్తే ఆయన ప్రాణం ఇంకో పది నిమిషాలు నిలుస్తుందా? మా పెద్దాసుపత్రి కేజీహెచ్ 1923 నుంచి ఆ గట్టు మీదే ఉంది. విశాఖలో అంబులెన్సుకు ఎక్కాల్సిన వాలు, దిగాల్సిన వాలు ఉంటాయని బండి చేసినవాళ్లకు ఎవరూ చెప్పలేదనుకోవాలా? కేజీహెచ్ డౌన్ వాలులో దిగుతుండగా స్టీరింగు బిగుసుకుంటే జాగ్రత్త ఏ గేరులో వేయాలో అదీ రాయండి.

ఇక మర్యాద నావల్ల కాదు. నువ్వు ఒక కాగితానివి. బండిలో తప్పుందని నీకు తెలుసు. తెలిసీ ఆ తప్పును ‘జాగ్రత్త’ అనే మాటలో చుట్టి నా చేతిలో పెట్టావు. రేపు ఏదైనా జరిగితే ‘ముందే హెచ్చరించాం’ అని నిన్నే చూపిస్తారు. నువ్వు పుట్టింది నన్ను కాపాడటానికి కాదు, నీ వాళ్లను కాపాడుకోవడానికి.

బండిని మాత్రం తిట్టలేను. నిన్న రాత్రి గాజువాక నుంచి ఒక గర్భిణిని తెచ్చింది, ప్రతి ఎడమ మలుపులోనూ మొరాయిస్తూనే. మీ వర్క్‌షాపు కంటే దానికే మాట మీద నిలబడటం తెలుసు.

ఫోను మోగుతోంది. గోపాలపట్నం నుంచట. ఎడమ మలుపులు ఎన్నో లెక్కపెట్టుకుని బయలుదేరుతున్నాను. పార్టు వస్తే కబురు చేయండి.

ఇట్లు,
టోకెన్ నంబరు నాలుగు