ఎస్పొజితో అని ఎవరు పిలిచారు?

ఇటాలియన్ పేర్లకు అర్థాలు చెప్పే జాబితాలు నెట్‌లో కోకొల్లలు. రోస్సి అంటే ఎర్రజుట్టువాడు, రిచ్చి అంటే ఉంగరాల జుట్టువాడు, ఫెరారీ అంటే కమ్మరి. అర్థాలు సరైనవే. కానీ ఇంటిపేరు విషయంలో అర్థం కన్నా ముందు అడగాల్సింది, దాన్ని ఎవరు పెట్టారని.

పైవన్నీ ఇరుగుపొరుగు పెట్టినవి. రొమానో (రోమ్‌వాడు), లొంబార్దీ (లొంబార్దియా ప్రాంతంవాడు) కూడా అంతే. రోమ్‌లో ఉన్నవాణ్ని రోమ్‌వాడని ఎవరూ అనరు, ఊరు విడిచి వేరేచోట స్థిరపడ్డాకే అంటారు. ఊళ్ల మీదుగా వచ్చిన మన ఇంటిపేర్ల తీరూ చాలావరకు ఇదే. 1563లో కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ ప్రతి చర్చిలో జ్ఞానస్నానాల రిజిస్టరు ఉండాలని ఆదేశించాక, నోటిమాటగా ఉన్న ఈ పిలుపులు కాగితం మీద స్థిరపడుతూ వచ్చాయి.

నేపుల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఇంటిపేరు ఎస్పొజితో. దాన్ని పెట్టింది పొరుగువాళ్లు కాదు, ఒక సంస్థ. అక్కడి అనున్‌జియాతా ఆశ్రమం గోడలో గుండ్రంగా తిరిగే చెక్కపెట్టె ఒకటి ఉండేది. పెంచలేని తల్లి వీధి వైపు నుంచి బిడ్డను అందులో పెడితే, లోపలివాళ్లు దాన్ని తిప్పి తీసుకునేవారు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఎస్పొజితో అంటే అలా వదిలేసిన బిడ్డ. ఆ మాటే ఇంటిపేరైంది. నేపుల్స్‌ను ఫ్రెంచి సేనాని మురా రాజుగా ఏలిన కాలంలో (1808–1815) పిల్లలకు ఈ పేరు పెట్టడాన్ని నిషేధించారు. ఆ తిరిగే పెట్టెను మాత్రం 1875లో గానీ మూయలేదు.

ఫ్లోరెన్స్‌లో 1445లో తెరిచిన ఆశ్రమం పిల్లలు ఇన్నొచెంతీ, అంటే అమాయకులు. మిలాన్ పెద్దాసుపత్రి చిహ్నం పావురం, అక్కడి పిల్లలు కొలంబోలు, అంటే పావురాలు. అలాగని ప్రతి కొలంబో అనాథ సంతతి కాదు. కొలంబస్ అసలు ఇంటిపేరూ అదే, ఆయన మాత్రం జెనోవాలో ఉన్ని నేతగాడి కొడుకు. అర్థాల జాబితా చూసి ఒక కుటుంబ చరిత్ర చెప్పేయడం నాకు నచ్చనిది ఇందుకే.

ఫ్లోరెన్స్ ఆశ్రమంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. పిల్లలతో పాటు తల్లులు వదిలివెళ్లిన గుర్తులు అక్కడ చిన్న చిన్న సొరుగుల్లో ఉన్నాయి. వాటిలో సగానికి విరిచిన పతకాలు కనిపిస్తాయి. ఎప్పటికైనా తిరిగొస్తే జతచేసి చూపడానికి రెండో సగం తల్లి దగ్గర ఉండేది. బిడ్డ తనదేనని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ముక్కే. ఇంటిపేరు మీద ఆమెకు ఏ హక్కూ లేదు.

సొంత ఇంట్లో బిడ్డను కన్న తల్లికైనా బిడ్డ ఇంటిపేరు మీద తండ్రితో సమానమైన హక్కు దక్కడానికి 2022 దాకా పట్టింది. ఇటలీలో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, అయినా బిడ్డకు మాత్రం దానంతటదే తండ్రి పేరు వచ్చేది. అది చెల్లదని ఆ ఏడాది ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఇద్దరి పేర్లూ, వాళ్లు ఎంచుకున్న వరుసలో రావాలి. ఒక్కటే చాలనుకుంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. తరం మారేకొద్దీ రెండు నాలుగై, నాలుగు ఎనిమిదవుతాయి కాబట్టి దీనికి పద్ధతి ఏర్పరచమని పార్లమెంటునూ కోరింది. అక్కరలేని పేర్లు వదులుకోవాల్సినప్పుడు ముందుగా తల్లి పేరే తీసేయకుండా ఆ చట్టం అడ్డుపడాలి.