పక్కలు అరగదీస్తే గోరు నిలవదు
గోళ్ల ఆకారాల మీద వచ్చిన వ్యాసంలో, పొట్టి వేళ్లకు బాదం ఆకారమే (పక్కలు సన్నబడుతూ కొస గుండ్రంగా ఉండేది) నప్పుతుందని రాసింది సగమే నిజం. గోరు వేలి కొసను దాటి 3, 4 మిల్లీమీటర్లయినా పెరగకుండా ఆ ఆకారం కుదరదు. పొట్టి గోరునే బాదంలా చేయాలని పక్కలు లోపలిదాకా అరగదీస్తే, చర్మాన్ని వదిలే చోట బలం పోయి అక్కడే అడ్డంగా చిట్లుతుంది. పొట్టి గోళ్లకు కోలగా ఉంచడమే మేలు. పక్కలు నిటారుగా వదిలేసి మూలలు మాత్రం గుండ్రం చేస్తే చాలు. సొంత గోళ్లకు 240 గ్రిట్ ఫైలర్ (గోళ్లు అరగదీసే పట్టీ; గ్రిట్ అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) వాడాలి, 100 గ్రిట్‌ది అతికించిన గోళ్లకు. పక్క నుంచి మధ్యకు ఒకే దిక్కున లాగాలి. రంపంలా ఆడిస్తే కొస పొరలు పొరలుగా లేస్తుంది. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే ఫైలర్ అసలు ముట్టుకోవద్దు, నానిన గోరు మెత్తబడి చిరుగుతుంది. ఇంత ముఖ్యమైన సంగతి వ్యాసంలో లేకపోవడమే ఆశ్చర్యం.